నిప్పుకోడికి మిరపకాయల దండ

పాట పాడి జనం చేత కన్నీళ్లు పెట్టించడం గొప్ప గాయకులకే సాధ్యమంటారు. నేను పాడకుండానే ఒక మైదానం నిండా జనాన్ని ఏడిపించాను. తర్వాత పాడి కూడా ఏడిపించాను. రెండూ ఒకే సాయంత్రం, ఒకే వేదిక దగ్గర జరిగాయి. రెండింట్లో ఏది పెద్ద నేరమో నాకు ఇప్పటికీ తేలలేదు. సంగతంతా చెబుతాను, మీరే తేల్చండి.

ముందు నా ముక్కు గురించి చెప్పాలి. నా పేరు వెంకటేశ్వర్లు. గుంటూరులో మా బాబాయి మిర్చి కొట్లో గుమాస్తాను. పొద్దున కొట్టు తలుపులు తీశాక ఎండుమిరపకాయల బస్తాల మధ్య కూర్చుంటే చీకటి పడ్డాకే లేవడం. కొత్తవాళ్లు ఎవరైనా మా కొట్లోకి వస్తే గుమ్మంలోనే దగ్గు అందుకుంటారు. చెప్పాలనుకున్నది చేతులతో చెప్పి, కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోతారు. నాకు మాత్రం ఏమీ అనిపించదు. పన్నెండేళ్లుగా ఆ గాలే పీల్చిన ముక్కు ఇది. మిరపకాయకి ఘాటు అనేది ఒకటుందని ఎదుటివాళ్ల మొహాలు చూసి తెలుసుకోవాల్సిందే.

ఇక నా పిచ్చి. నిప్పుకోడి అని ఒక తెలుగు రాక్ బ్యాండ్ ఉంది. మీరు వినకపోతే అది మీ అదృష్టమని మా బాబాయి అంటాడు. ఆయన మాట పట్టించుకోకండి. ఆ బ్యాండ్‌లో పాడేది రిషి. భుజాల దాకా జుట్టు, పగలగొట్టిన కొబ్బరికాయలాంటి గొంతు. ఆ బ్యాండ్‌కి గుంటూరు జిల్లా అభిమాన సంఘం అధ్యక్షుణ్ణి నేనే. సంఘంలో మొత్తం ఇద్దరం. రెండోవాడు, కార్యదర్శి, సామ్యూల్. చిన్నప్పట్నుంచీ స్నేహితుడు. ఇప్పుడు మార్టూరులో గ్రానైట్ పాలిష్ చేసే చోట సూపర్‌వైజరు, ఆదివారాలు చర్చిలో డ్రమ్స్ వాయిస్తాడు. మా ఇద్దరిలో సంగీతం తెలిసినవాడు వాడే. ఒక ఏడాది క్రిస్మస్ క్యారల్స్‌కి నేనూ వాళ్లతో పాటు ఇల్లిల్లూ తిరిగాను. రెండో ఇంటి గుమ్మంలోనే సామ్యూల్ నా చేతికి కర్రకి కట్టిన కాగితం నక్షత్రం ఇచ్చి, "నువ్వు ఇది పట్టుకుంటే చాల్రా, పాట మేం చూసుకుంటాం" అన్నాడు. అప్పట్లో దాన్ని గౌరవం అనుకున్నాను.

నిప్పుకోడి పాటల్లో నాకు ప్రాణం 'ఆఖరి బస్సు'. ఆ పాటని వాళ్లు ఇంతవరకూ రికార్డు చెయ్యలేదు. ఏ యాప్‌లో వెతికినా దొరకదు. ప్రతి షోలో చివరగా ఒక్కసారి పాడతారు, ఆ పూట అక్కడున్నవాడికే దక్కుతుంది. కాలేజీ రోజుల్లో నేను చివరి బస్సు తప్పిపోయి మా ఊరి అడ్డరోడ్డు మీద తెల్లవార్లూ కూర్చున్న రాత్రులు చాలా ఉన్నాయి. ఆ పాట విన్నప్పుడల్లా, ఆ రోజుల్లో ఎవరో నా పక్కన వచ్చి కూర్చున్నట్టు ఉంటుంది. నా దగ్గర ఉన్నదల్లా ఎవడో ఫోన్‌తో తీసిన వీడియో. బొమ్మ ఊగిపోతుంది. సగం పాట జనం కేకల్లో కొట్టుకుపోతుంది. రెండో చరణంలో ఆ వీడియో తీసేవాడు ముందున్నవాణ్ణి "ఒరేయ్, తల దించరా" అని తిడతాడు. నాలుగేళ్లు అదే విన్నాను. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఆ పాట రిషి గొంతులో ఎదురుగా నిలబడి వినాలి. అప్పట్లో నా జీవితాశయం అదే.

అలాంటిది, నిప్పుకోడి ఒంగోలు వస్తోందని తెలిసింది. ఊరి బయట హైవే పక్కన ఖాళీ మైదానంలో షో. నేను ఆనందంతో గాల్లో తేలుతుండగా ఇంకో వార్త. రిషికి గొంతు బాగోలేక వరసగా రెండు షోలు ఆగిపోయాయట. వెంటనే సామ్యూల్‌కి ఫోన్ చేశాను.

"దిష్టిరా అది," అన్నాను. "కొత్త వీడియో ఎంతమంది చూశారో నువ్వే చూశావుగా. అన్ని కళ్లు పడితే ఏ గొంతు నిలబడుద్ది?"

"గొంతు నొప్పికి డాక్టర్లు ఉంటారురా."

"డాక్టరు డాక్టరే, దిష్టి దిష్టే."

"మా ఇళ్లల్లో దిష్టి లేదు, నన్నడక్కు," అని వాడు పెట్టేశాడు.

మా ఇళ్లల్లో ఉంది. ఎవరికైనా దిష్టి తగిలిందనిపిస్తే గుప్పెడు ఎండుమిరపకాయలు మనిషి చుట్టూ మూడుసార్లు తిప్పి నిప్పుల్లో వేస్తారు. ఘాటు లేచి ఇల్లంతా దగ్గితే దిష్టి లేనట్టు. కాయలు మాడుతున్నా ఘాటు రాలేదంటే గట్టిగా తగిలినట్టు. ఇది మా నాయనమ్మ చెప్పిన శాస్త్రం. నా ముక్కుకీ ఈ శాస్త్రానికీ పొత్తు కుదరదన్న సంగతి ఆవిడ బతికుండగా ఎవరికీ తట్టలేదు. నాకు తట్టే ప్రశ్నే లేదు.

రిషి చుట్టూ గుప్పెడు కాయలు తిప్పడానికి నన్ను వేదిక మీదికి ఎవరూ రానివ్వరు. కాబట్టి దండ గుచ్చి వేదికకే కట్టాలని నిర్ణయించాను. రిషి పాడుతూ దాని వెనక అటూ ఇటూ తిరుగుతాడు. ముచ్చటగా మూడుసార్లు తిరిగినా చాలు, దిష్టి తీసినట్టే. షో అయ్యాక విప్పి తెచ్చుకుని మా దొడ్లో కాలుద్దామనుకున్నాను. చూశారా, నిప్పు దగ్గర నేనెంత జాగ్రత్త పడ్డానో.

కొట్లో కాయలు ఏరే మంగమ్మ పిన్ని సాయం పట్టింది. ఇద్దరం పొద్దున్నే కూర్చుని కొట్లో అన్నింటికన్నా ఘాటైన కాయ ఏరి, పదహారు మూరల దండ గుచ్చాం. సగంలో ఆవిడకి అనుమానం వచ్చింది.

"ఎవురికయ్యా ఇది, అమ్మోరికా?"

"కాదు పిన్నీ, ఒంగోల్లో పాటలు పాడే ఆయనకి."

ఆవిడ సూది ఆపి నా వంక చూసింది. "ఆయనేం పాపం చేశాడయ్యా నీకు?"

పెద్దావిడ సరదాకి అంటోందనుకుని నవ్వాను.

దండని గోనెసంచిలో పెట్టుకుని ఒంగోలు బస్సెక్కి, సంచిని తల మీద అరలో దోపాను. చిలకలూరిపేట దాటాక వెనక సీట్లో ఒకాయన దగ్గాడు. తర్వాత ఆయన భార్య. ఆ తర్వాత దగ్గు ఒక్కో వరసా ముందుకు జరుగుతూ డ్రైవరు దాకా వెళ్లింది. చలికాలం మొదట్లో జలుబులు మామూలే అనుకుని, పక్కాయనకి మిరియాల కషాయం తాగమని సలహా కూడా ఇచ్చాను. ఆయన సమాధానం చెప్పే స్థితిలో లేడు.

మార్టూరులో సామ్యూల్ ఎక్కాడు. ఎక్కి రెండు అడుగులు వేసి ఆగాడు. బస్సంతా ఒకసారి చూశాడు. తల మీద సంచిని చూశాడు. జేబులోంచి రాతిపొడికి వాడే మాస్కు తీసి పెట్టుకుని నా పక్కన కూర్చున్నాడు.

"ఏందిరా అందులో?"

చెప్పాను. వాడు మాస్కు ఇంకాస్త బిగించుకున్నాడు.

"ఒరేయ్, బస్సంతా నీ మూట మూలానే దగ్గతన్నారు."

"ఛ, సీజన్ మారిందిరా. కాయల వల్లయితే ముందు నాకు రావాలిగా? సంచి నా నెత్తి మీదే ఉంది. నాకు రావట్లేదుగా."

ఈ వాదన విని వాడు కిటికీ అద్దం మొత్తం తెరిచాడు. ఆ రోజంతా నేను దీన్నే పట్టుకుని వేలాడాను.

మైదానానికి చేరేసరికి సాయంత్రం నాలుగు. వేదిక కడుతున్నారు. నిర్వాహకుల తరఫున నల్ల చొక్కా వేసుకున్న ఒకాయన అటూ ఇటూ పరిగెడుతున్నాడు. ఆయనకి ఒక చెవిలో ఒక ఫోను, చేతిలో ఇంకో ఫోను. సామ్యూల్ టీ తేవడానికి వెళ్లిన సమయం చూసి నేను ఆయన్ని పట్టుకున్నాను.

"అండీ, అభిమానులం. చిన్న దండ తెచ్చాం, వేదికకి కట్టుకోవచ్చాండీ?"

ఆయన సంచి వంక ఒకసారి చూశాడు. "అబ్బో, ఎర్రగా భలే ఉందే. మన నేల గుర్తుగా ఉంటది. కట్టండి, ఆ ముందువైపు ఎట్టాగూ బోసిగా ఉంది," అని రెండు ఫోన్లలోనూ మాట్లాడుకుంటూ వెళ్లిపోయాడు.

వేదిక ముందు అంచు పొడవునా దండ కట్టాను. అంచు మీద నాలుగు నల్ల డబ్బాలు ఉన్నాయి, నోళ్లు పైకి తెరుచుకుని. ఏవో లైట్లనుకున్నాను. వాటికి అడ్డం రాకుండా దండని కాస్త పైకి లాగి, సరిగ్గా వాటి నోళ్ల మీదుగా ఒంపులు ఒంపులుగా తిప్పాను. దూరం నుంచి చూస్తే పెళ్లిపందిరిలా ఉంది. బ్యాండ్ పేరులోనే నిప్పుంది కదా, ఆ డబ్బాలు దేనికోసమని ఒక్కసారైనా ఆలోచించావా అని మీరు అడగవచ్చు. సామ్యూల్ అడిగాడు. మా బాబాయి ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాడు.

ఏడింటికి మైదానం నిండిపోయింది. మేం ముందు వరసలో, కంచెకి ఆనుకుని నిలబడ్డాం.

"దండ ఎక్కడ కట్టావురా?" అన్నాడు సామ్యూల్.

"ముందే, అంచుకి. ఆ నల్ల డబ్బాల మీదుగా."

"ఏ నల్ల డబ్బాలు?"

అప్పుడే లైట్లు ఆరిపోయాయి. జనం ఒక్కసారిగా అరిచారు. గిటారు మోగింది. పొగలోంచి రిషి వచ్చి నిలబడ్డాడు, నాకు నాలుగు బారల దూరంలో. ఫోన్‌లో బొటనవేలంత ఉండే మనిషి ఎదురుగా మామూలు మనిషంత ఎత్తున ఉన్నాడు. మొదటి పాటలో దండ వెనక అటూ ఇటూ తిరిగాడు. నేను లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు. మనసు కుదుటపడింది.

రెండో పాట మధ్యలో రిషి చెయ్యి పైకెత్తాడు. నాలుగు డబ్బాల్లోంచి నాలుగు మంటలు నిలువెత్తున లేచాయి.

దండ భగ్గున మండలేదు. అలా మండినా బాగుండేది. కాయలు ముందు నల్లబడ్డాయి, తర్వాత ముడుచుకున్నాయి, తర్వాత సన్నగా పొగ వదలడం మొదలుపెట్టాయి. నేను రెండు చేతులూ జోడించాను. దొడ్లో చేద్దామనుకున్న పని దేవుడు వేదిక మీదే జరిపిస్తున్నాడు. గట్టిగా గాలి పీల్చి చూశాను. ఘాటు లేదు. ఇంకోసారి పీల్చాను. ఊహూ.

"సామ్యూలూ, చూశావంట్రా," అన్నాను వాడి భుజం పట్టి ఊపుతూ. "పదహారు మూరలు మాడతంటే ఒక్క తుమ్ము లేదు. ఎంత దిష్టి తగిలిందో చూడు పాపం."

సామ్యూల్ మాస్కు పైన కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. కిందికి ధార కారుతోంది. ఏదో చెప్పబోయి వంగి దగ్గడం మొదలుపెట్టాడు.

తలెత్తి చూస్తే రిషి ఏడుస్తున్నాడు. గిటారు వాయించేవాడు ఏడుస్తున్నాడు. వెనక్కి తిరిగితే మైదానమంతా కళ్లు తుడుచుకుంటోంది. ఆడవాళ్లు చున్నీల్లో మొహాలు దాచుకున్నారు. ఎవరో "నీళ్లు, నీళ్లు" అంటున్నారు. ఆ పాట మోటారు సైకిల్ గురించి. అందులో అంత ఏడవాల్సింది ఏముందో నాకు అర్థం కాలేదు. బహుశా వీళ్లందరికీ తెలిసిన లోతు ఏదో నాకు అందలేదని సిగ్గుపడ్డాను. చుట్టూ అంతమంది ఏడుస్తుంటే నాకూ ఏడుపొచ్చింది. నిజంగా మనసు కదిలి ఏడ్చింది ఆ మైదానంలో నేనొక్కణ్ణే.

రిషి రెండు సార్లు పల్లవి ఎత్తుకుని రెండు సార్లూ దగ్గాడు. డ్రమ్స్ ఆగిపోయాయి. నల్ల చొక్కాయన పరిగెత్తుకొచ్చి దండ మీద బకెట్టు నీళ్లు గుమ్మరించాడు. దాంతో ఉన్న పొగకి ఆవిరి తోడై లేచింది. జనం వరసలు వరసలుగా వెనక్కి జరిగారు. లైట్లన్నీ వేశారు. ఆయన తువ్వాలు అడ్డం పెట్టుకుని మైకు అందుకున్నాడు.

"ఈ దండ కట్టిన వ్యక్తి ఎక్కడున్నా వెంటనే వేదిక దగ్గరికి రావాలండి."

మా వైపు ఏ సభలోనైనా మైకులో పిలిచారంటే శాలువా కప్పడానికే. నేను జేబులోంచి దువ్వెన తీశాను.

"ఎల్లమాకరా," అన్నాడు సామ్యూల్ నా చొక్కా పట్టుకుని. "నా మాటినరా, ఎల్లమాక."

"నువ్వూ రా, కార్యదర్శివిగా."

"నేనిప్పుడే రాజీనామా చేస్తన్నా."

ఒక్కణ్ణే వేదిక ఎక్కాను. రిషి కుర్చీలో కూర్చుని మొహం మీద నీళ్లు చల్లుకుంటున్నాడు. దగ్గరికి వెళ్లి, వంగి, నాలుగేళ్ల అభిమానమంతా చేతుల్లోకి తెచ్చుకుని ఆయన రెండు చేతులూ పట్టుకుని ఊపాను. ఆ చేతులతోనే పొద్దున్నుంచీ కాయలు గుచ్చానన్న సంగతి అప్పుడు గుర్తుకు రాలేదు. ఆయన చెయ్యి విడిపించుకుని కన్ను తుడుచుకున్నాడు. తర్వాత రెండో కన్ను. తర్వాత ఇంకో రెండు బకెట్ల నీళ్లు తేవాల్సొచ్చింది.

కాస్త తేరుకున్నాక ఆయన అడిగాడు. గొంతు తలుపు కిర్రుమన్నట్టు ఉంది. "ఏంటి బ్రదర్ ఇది?"

"దిష్టి తీశానన్నా. మీకు గొంతు బాగోలేక రెండు షోలు ఆగిపోయాయి కదా."

"ఇది మూడోది," అన్నాడు రిషి.

అప్పుడు అర్థమైంది. ఒకేసారి కాదు, కొంచెం కొంచెంగా. బస్సులో దగ్గు, మంగమ్మ పిన్ని ఆపిన సూది, సామ్యూల్ మాస్కు, మోటారు సైకిల్ పాటకి ఏడ్చిన జనం, అన్నీ వెనక నుంచి ఒక్కొక్కటే వచ్చి నా ముందు నిలబడ్డాయి. చచ్చిపోవాలనిపించింది. మనిషి గొంతు నిలబడాలని వచ్చి, ఆ గొంతునే ఆర్పేశాను. నాలుగేళ్లు ఎదురుచూసిన పాటని నా చేతులతో నేనే కాల్చుకున్నాను. "తప్పయిందన్నా," అన్నాను.

దండని నీళ్ల డ్రమ్ములో ముంచి దూరంగా పారేశాక గాలి తేలికపడింది. జనం మళ్లీ దగ్గరికొచ్చారు. ఎవరూ వెళ్లిపోలేదు. ఏం జరిగిందో సగం మందికి తెలియదు, మిగతా సగం తర్వాత ఏం జరుగుతుందో చూద్దామని ఉండిపోయారు. 'ఆఖరి బస్సు', 'ఆఖరి బస్సు' అని అరుస్తున్నారు, మధ్యమధ్యలో దగ్గుతున్నారు. బ్యాండ్ వాళ్లు ముక్కులకి తడి గుడ్డలు కట్టుకుని వాయించగలమన్నారు. రిషికి మాత్రం మాట పెగలడం లేదు. ఆయన తోటివాళ్ల వంక చూశాడు. గిటారు అతను దగ్గి తల అడ్డంగా ఊపాడు. డ్రమ్స్ అతను అసలు దగ్గు ఆపలేదు.

రిషి నా వైపు తిరిగాడు. "నువ్వు దగ్గట్లేదేంటి?"

"నాకు రాదన్నా. మిర్చి కొట్లో పని."

"ఆఖరి బస్సు వచ్చా?"

"మొత్తం వచ్చన్నా. నాలుగేళ్లుగా వింటున్నా."

ఆయన మైకు తీసి నా చేతిలో పెట్టాడు. "అయితే పాడు. శిక్ష అనుకో."

కింద ముందు వరసలో సామ్యూల్ రెండు చేతులూ పైకెత్తి వద్దు వద్దని ఊపుతున్నాడు. అభిమానంతో చేతులూపుతున్నాడనుకున్నాను. ఆ సాయంత్రం నేను ఏదీ సరిగ్గా అనుకోలేదు, ఇదొక్కటి ఎందుకు సరిగ్గా అనుకుంటాను?

గిటారు మొదలైంది. కళ్లు మూసుకున్నాను. 'ఆఖరి బస్సెళ్లిపోయింది, అడ్డరోడ్డు నేనూ మిగిలాం' అని ఎత్తుకున్నాను. ఎక్కడ ఎత్తుకున్నానో నాకు తెలియదు. గిటారు నన్ను వెతుక్కుంటూ కిందికి వచ్చింది, అప్పటికి నేను పైకి వెళ్లాను. అది పైకి వచ్చేసరికి నేను అక్కడ లేను. అయినా ఒక్క మాట కూడా మరిచిపోలేదు. నేను నేర్చుకున్నది ఆ వీడియో చూసి కదా. జనం కేకలు వేసిన చోట నేనూ "ఓ" అని కేక వేశాను. రెండో చరణంలో, సరిగ్గా తాళం మీద, ఆ మైదానం దద్దరిల్లేలా "ఒరేయ్, తల దించరా" అని పాడాను. ముందు నాలుగు వరసలు తలలు దించాయి.

పాట అయిపోయింది. మైదానం మొత్తం మీద చప్పుడు లేదు. దగ్గు కూడా ఆగిపోయింది. తర్వాత ఎవరో ఒక్కరు చప్పట్లు కొట్టారు. అది పాట ముగిసినందుకని సామ్యూల్ తర్వాత చెప్పాడు. ఏమైతేనేం, నాలుగేళ్లు కలలు కన్న పాట, నిప్పుకోడి వాయిస్తుండగా వేదిక మీద నిలబడి విన్నాను. విన్నది నా గొంతులో. పగవాడికి కూడా ఇంతకంటే పెద్ద శిక్ష వేయలేం.

రిషి నా భుజం మీద చెయ్యి వేశాడు. చెయ్యి తీసి ప్యాంటుకి తుడుచుకున్నాడు. నా చెవి దగ్గరికి వంగి, మిగిలిన కాస్త గొంతూ కూడదీసుకుని అన్నాడు.

"మిరపకాయలే నయం బ్రదర్."

కాబట్టి, మా కొట్లో పెద్ద కాటా మీద రెండు చేతులూ పెట్టి, మంగమ్మ పిన్ని సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ కళాకారుడికీ దిష్టి తియ్యను. తప్పనిసరై తియ్యాల్సొస్తే ఉప్పుతో తీస్తాను. పెద్దవాళ్లతో చేతులు కలిపే ముందు సబ్బుతో కడుక్కుంటాను. ఎక్కడైనా పది మంది ఒకేసారి దగ్గుతుంటే, ముందు నా సంచి చూసుకుంటాను. నాకు రావట్లేదుగా అనే మాట నోట రానివ్వను. నా బొందిలో ప్రాణం ఉండగా ఎవరెంత బతిమాలినా పాడను.

ఇదంతా రాసి, మా కొట్టుకి వచ్చిన సామ్యూల్‌కి చూపించాను. వాడు మాస్కు కిందికి లాగి, ఓపిగ్గా చివరిదాకా చదివి, కాగితం తిరిగి ఇచ్చాడు.

"మిగతావి ఉన్నా లేకపోయినా ఫర్లేదు గానీ, ఆ చివరిదాని కింద గీత గియ్యిరా," అన్నాడు.

గీశాను.